బెంగళూరు ట్రాఫిక్, మొగిలి ఘాట్, ఎక్స్‌యూవీ 300 డీజిల్: ఆరేళ్ళ తర్వాత

చిన్న ఎస్‌యూవీ కొనాలనుకునే మనవాళ్ళు ఎవరైనా ముందు అడిగేది "ఎన్ని బీహెచ్‌పీ అన్నా?" అనే, అంటే ఇంజన్ శక్తి మహా అయితే ఎంత అని. బెంగళూరులో ఆ అంకెతో పని పడేది చాలా తక్కువ. పెట్రోలు బండిలో ఆ శక్తి మొత్తం రావాలంటే ఇంజన్ని ఐదారు వేల ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) దాకా తిప్పాలి. మహదేవపుర నుంచి సిల్క్‌బోర్డు దాకా రింగ్ రోడ్డులో అంత తిప్పే అదృష్టం ఎవరికుంది? ఇక్కడ ఇంజన్ని మనం అడిగేదల్లా ఒకటే. ఏసీ వేసుకుని, నలుగురు కూర్చుని, రెండో గేరులో ఇరవై స్పీడులో ఉన్నప్పుడు కాలు వేస్తే బండి వెంటనే లాగుతుందా లేదా? అది తెలియాలంటే టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, చూడాలి, ఆ టార్క్ ఎన్ని ఆర్‌పీఎమ్ దగ్గర మొదలవుతుందో కూడా చూడాలి.

నేను 2019 చివర్లో మహీంద్రా ఎక్స్‌యూవీ 300 డీజిల్ మాన్యువల్ తీసుకోవడానికి కారణం ఇదే. 1.5 లీటర్ల ఇంజన్, 115 బీహెచ్‌పీ, 300 న్యూటన్ మీటర్ల టార్క్. ఆ మూడు వందలూ 1500 నుంచి 2500 ఆర్‌పీఎమ్ మధ్యలోనే దొరుకుతాయి, అంటే మనం రోజూ నడిపే చోటే. 1500 దాటగానే వీపు సీటుకి అతుక్కుంటుంది. దాని కింద మాత్రం నిద్రలోంచి లేపిన మనిషిలా ఒక్క క్షణం ఆలోచిస్తుంది. టర్బో ఇంజన్ల గుణమే అది; ఇంజన్లోకి గాలిని నొక్కి పంపే టర్బో తిరిగేది పొగ గాలితోనే, అది జోరుగా వస్తే తప్ప తిరగదు. మారతహళ్ళి బ్రిడ్జి కింద పాకుతున్నప్పుడు రెండో గేరులోనే నెట్టుకొద్దాం అంటే కుదరదు, ఫస్ట్‌కి రావాల్సిందే. రోజూ ఆ రోడ్డే అయితే ఆటోమేటిక్ చూసుకోండి, ఎడమ మోకాలు మిమ్మల్ని దీవిస్తుంది.

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపు బాగా నిటారు. పైన సెక్యూరిటీ అతను సరిగ్గా నా ముందు చక్రాలు అంచుకి వచ్చినప్పుడే చెయ్యెత్తి ఆపుతాడు, వాటర్ ట్యాంకర్ లోపలికి రావాలి కదా. హ్యాండ్‌బ్రేక్ వేసి ఆగుతాను. మళ్ళీ కదిలేటప్పుడు క్లచ్ కాస్త వదిలితే చాలు, యాక్సిలరేటర్ దాదాపు ముట్టుకోకుండానే బండి పైకి పాకేస్తుంది. అంతకుముందున్న చిన్న కారుతో ఇదే ర్యాంపు మీద క్లచ్ వాసన వచ్చేది.

ఇంకో సంగతి. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పలచన. టర్బో లేని ఇంజన్‌కి తను పీల్చుకున్న గాలే దిక్కు కాబట్టి, చెన్నైలో ఇచ్చే శక్తిలో దాదాపు పదో వంతు ఇక్కడ తగ్గిపోతుంది. టర్బో ఉన్నది గాలిని నొక్కి లోపలికి పంపుతుంది కనుక ఆ లోటు పెద్దగా తెలియదు. మా బావమరిది చెన్నైలో మారుతి బ్రెజ్జా నడుపుతాడు. 1.5 లీటర్ల పెట్రోలు, టర్బో లేదు, 103 పీఎస్ (దాదాపు బీహెచ్‌పీ లాంటి కొలతే), 137 న్యూటన్ మీటర్లు, అదీ 4400 ఆర్‌పీఎమ్ దగ్గర. వేళచ్చేరి నుంచి ఓఎంఆర్ దాకా మెత్తగా, నా బండిలా ఆలోచించడం (ల్యాగ్) అనేది లేకుండా పోతుంది. చదునైన ఊరికి చక్కటి బండి, వాడికి నా డీజిల్ మోతంటే నవ్వు. కాకపోతే నలుగురితో నంది కొండ ఎక్కాలంటే టర్బో లేని ఏ పెట్రోలు బండికైనా ఒక గేరు ఎక్కువ దించాలి.

మాది చిత్తూరు. ఇక్కడి నుంచి వెళ్ళేటప్పుడు కోలారు, ముళబాగిలు, పలమనేరు దాటాక దిగుడే, ఏ బండైనా దిగుతుంది. అసలు పరీక్ష ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణంలో, బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు. బండిలో మేం నలుగురం, అమ్మ, డిక్కీలో బియ్యం మూట, సీజన్‌లో మామిడికాయల పెట్టె. గ్రానైటు లారీ ఒకటి ఎడమ లైనులో పాకుతుంటే, దాన్ని దాటాలని ఇంకో లారీ కుడి లైనులోకి వచ్చి అదీ పాకుతూ ఉంటుంది. స్పీడు నలభైకి పడిపోతుంది. దారి దొరకగానే మూడో గేరులో కాలు వేస్తే చాలు, మలుపు తిరిగేలోపు డెబ్భై. గేరు దించాల్సిన పని లేదు, ఏసీ ఆపాల్సిన పని అసలే లేదు. ఆరేళ్ళ తర్వాత కూడా ఈ బండి మీద నాకు మోజు పోలేదంటే ఈ ఎక్కుడు వల్లే.

ధర దగ్గరికి వద్దాం. నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించకపోతే చిన్న కారు పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటికి జీఎస్టీ 18 శాతం, ఆ గీత దాటితే 40. అందుకే చాలా కంపెనీలు 3995 మిల్లీమీటర్ల దగ్గర బండిని ఆపి, చిన్న ఇంజన్‌కి టర్బో తగిలిస్తున్నాయి. బ్రెజ్జా పొడవు సరిపోయినా 1462 సీసీ పెట్రోలు కావడంతో 40లోకి పోయింది. దీనికి తోడు కర్ణాటక రోడ్డు ట్యాక్స్: పది లక్షల లోపు 14 శాతం, దాటితే 17, పైన సెస్సు. అంటే 9.9 లక్షల వేరియంటుకీ 10.2 లక్షల వేరియంటుకీ తేడా ముప్పై వేలు కాదు, ఆన్‌రోడ్ వచ్చేసరికి అరవై వేలు దాటుతుంది. సన్‌రూఫ్ కోసం ఒక మెట్టు పైకెక్కే ముందు ఈ లెక్క వేసుకోండి. మన ఎండలకి, దుమ్ముకి ఆ సన్‌రూఫ్ తీసేదెప్పుడో కూడా!

మైలేజీ సిటీలో 12, 13. హైవేలో తొంభై దాటకుండా పోతే 19, 20. నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు, 2020 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళ గుద్ది చూసే భద్రతా పరీక్షలో ఐదు స్టార్లు. 1821 మిల్లీమీటర్ల వెడల్పు కాబట్టి వెనక ముగ్గురు సుఖంగానే కూర్చుంటారు. డిక్కీ మాత్రం 257 లీటర్లే, టాటా నెక్సాన్‌ది 382. బియ్యం మూట, పెట్టె పెట్టాక సూట్‌కేసులకి చోటుండదు, మేం బ్యాగులు ఒళ్ళో పెట్టుకుంటాం.

ఇప్పుడు ఎక్స్‌యూవీ 300 కొత్తది దొరకదు. 2024 ఏప్రిల్‌లో దాని స్థానంలో మహీంద్రాదే 3ఎక్స్‌ఓ వచ్చింది. అదే 1.5 డీజిల్, అదే 300 న్యూటన్ మీటర్లు. పెట్రోల్లో 1.2 టర్బో రెండు రకాలు, టార్క్ 200 ఒకటి, 230 ఒకటి. డీజిల్లో ఆటోమేటిక్ అంటే ఏఎంటీ, మాన్యువల్ గేర్లనే మన బదులు యంత్రం మారుస్తుంది. పెట్రోల్లో అయితే టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సు (మామూలు క్లచ్ బదులు ద్రవంతో పనిచేసేది), సిటీకి అదే హాయి. కియా సొనెట్, హ్యుందాయ్ వెన్యూల 1.0 టర్బో 172 న్యూటన్ మీటర్లు, 1500 నుంచే మొదలు. సొనెట్ మన పెనుకొండ ఫ్యాక్టరీ బండే, డీజిల్ అయితే 250. నెక్సాన్ పెట్రోలు 170, డీజిల్ 260. మారుతి ఫ్రాంక్స్ 1.0 టర్బో కాగితం మీద 148 న్యూటన్ మీటర్లే, కానీ బండి బరువు వెయ్యి కిలోల పైచిలుకే కావడంతో నడిపితే ఆ లోటు కనపడదు. బరువుని మర్చిపోయి టార్క్ ఒక్కటే చూసినా తప్పే మరి.

డీజిల్ వద్దని నేనే చెప్పే సందర్భం ఒకటుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య నియమాల) డీజిళ్ళలో డీపీఎఫ్ అనే, పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసిని అది కాల్చుకోవాలంటే అప్పుడప్పుడు బండి హైవే మీద నిలకడైన వేగంతో కాసేపు పోవాలి. నాది పాత నియమాల బీఎస్-4 కాబట్టి ఆ గొడవ లేదు. మా ఫ్లోర్‌లో ఒకాయనకి వేరే కంపెనీ డీజిల్ బండి ఉంది, ఇల్లు, ఆఫీసు, పిల్లల స్కూలు తప్ప ఎక్కడికీ పోడు. డ్యాష్‌బోర్డు మీద ఆ లైటు వెలిగినప్పుడల్లా రాత్రి పదకొండుకి హోస్కోటె దాకా ఊరికే వెళ్ళి వస్తాడు. నెలకోసారైనా ఊరికి పోయేవాళ్ళకే డీజిల్. సిటీ దాటనివాళ్ళు టర్బో పెట్రోలు తీసుకుని హాయిగా ఉండండి.

ఇక టెస్ట్ డ్రైవ్. షోరూం వాళ్ళు ఒక్కణ్ణే కూర్చోబెట్టుకుని ఖాళీ సర్వీసు రోడ్డులో తిప్పి తెస్తారు. అలా ఏ బండైనా రాకెట్టే. ఇంట్లో వాళ్ళందర్నీ ఎక్కించండి, ఏసీ రెండులో పెట్టండి, ట్రాఫిక్ ఉన్న ఫ్లైఓవర్ ఎక్కుడు మీద ఆగి కదలండి, అక్కడే రెండో గేరులో కాలు వేసి చూడండి. వచ్చేటప్పుడు ఇంట్లోని పెద్ద సూట్‌కేసు తెచ్చి డిక్కీలో పెట్టి మూత వేసి చూడండి. సేల్స్ కుర్రాడు కాస్త మొహం చిట్లిస్తాడు, అయినా వస్తాడు.