మెగాట్రాన్ మీద జాలి పడతాననుకోలేదు: ‘ట్రాన్స్‌ఫార్మర్స్ వన్’

2024 ఏప్రిల్ 18న ఈ సినిమా ట్రైలర్ వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో పొద్దుపోయేదాకా ఎవరూ మాట్లాడలేదు. మేము ఆరుగురం. అందరం తెలుగువాళ్లం, బతుకుతెరువుకు బెంగళూరు వచ్చినవాళ్లం, రూపం మార్చుకుని బండ్లయ్యే ట్రాన్స్‌ఫార్మర్స్ రోబో బొమ్మల వల్ల ఒకరికొకరం పరిచయమైనవాళ్లం. ట్రైలర్ నిండా జోకులే. రోబోలు పడటం, లేవటం, వెటకారాలు. రాత్రి తొమ్మిదింటికి మాలో పెద్దవాడు ఒక్క ముక్క పెట్టాడు: ‘నేను రాను.’

ఆయన్ని మేము మస్కట్ అన్న అంటాం. నెల్లూరాయన. వాళ్ల నాన్న మస్కట్‌లో పనిచేసే రోజుల్లో కొనిచ్చిన, ఆ రోబోల్లో నాయకుడైన ఆప్టిమస్ ప్రైమ్ బొమ్మ ఇప్పటికీ ఆయన దగ్గర ఉంది. పాతకాలం బొమ్మ, దాని పిడికిళ్లు విడిగా వచ్చేవి, ఊడదీసి పెట్టుకోవాలి. కుడిచేతి పిడికిలి ఎప్పుడో పోయింది. చిన్నప్పుడు 1986 నాటి కార్టూన్ సినిమా వీడియో క్యాసెట్‌లో చూసి, అందులో ఆప్టిమస్ చచ్చిపోతే రెండు రోజులు అన్నం తినలేదట. కొత్త బొమ్మలు అమ్ముకోవడానికి పాతవాళ్లను చంపేశారని పెద్దయ్యాక తెలిసి ఇంకా మండిపడ్డాడు. అలాంటి మనిషికి ఈ కొత్త సినిమాలో ఆప్టిమస్ గొంతు పీటర్ కల్లెన్‌ది కాదని ముందే తెలుసు. 1984 కార్టూన్‌లోనూ, 2007 నుంచి 2023 దాకా వచ్చిన సినిమాల్లోనూ ఆ గొంతు ఆయనదే. ఇప్పుడు క్రిస్ హెమ్స్‌వర్త్. గొంతూ పోయింది, పైగా కామెడీ చేశారు, ఇంకెందుకు చూడాలన్నది అన్న బాధ. అందులో తప్పు లేదు.

నాకూ అదే భయం ఉండింది. చివరికి సెప్టెంబర్ 22, ఆదివారం పొద్దున ఆటకు వెళ్లాం, మస్కట్ అన్నతో సహా. థియేటర్ ఓరియన్ మాల్‌లో. ఈ సినిమాలో ఆప్టిమస్ తొలి పేరు ఓరియన్ పాక్స్ కాబట్టి అక్కడే చూడాలని మా మేనల్లుడి పట్టుదల. వాడికి పదేళ్లు. పీణ్య నుంచి గ్రీన్ లైన్ ఎక్కి శాండల్ సోప్ ఫ్యాక్టరీ స్టేషన్‌లో దిగేదాకా, బద్ధశత్రువులైన ఆప్టిమస్, మెగాట్రాన్ ఈ కథలో ముందు స్నేహితులంటే ఎలా నమ్మాలి మామా అని అడుగుతూనే ఉన్నాడు.

ఇక్కడి నుంచి కథ చెప్పేస్తాను. చెప్పకుండా ఈ సినిమా గొప్పతనం వివరించడం నా వల్ల కాదు.

సైబర్‌ట్రాన్ గ్రహం. భూమీ లేదు, మనుషులూ లేరు. ఎనర్జాన్ అనే ఇంధనం ఏరులా పారడం ఆగిపోయి, గనుల్లోకి దిగి తవ్వుకోవాల్సిన కాలం. ఓరియన్ పాక్స్, తర్వాత మెగాట్రాన్ అయ్యే డి-16 ఆ గనుల్లో కూలీలు. మిగతా రోబోల్లా వీళ్లు రూపం మార్చుకోలేరు. మార్చుకోవడానికి ఛాతీలో ఉండాల్సిన కాగ్ వీళ్లకు లేదు. ఆ చోట ఖాళీ గుంట ఉంటుంది. దర్శకుడు జాష్ కూలీ ఆ గుంటను కెమెరాకు చూపిస్తూనే ఉంటాడు, మాటల్లో మాత్రం ఎక్కువ చెప్పడు.

నాకు అక్కడే సినిమా పట్టేసింది. నేను పీణ్యలో ప్లాస్టిక్ మోల్డ్‌లు చేసే టూల్‌రూమ్‌లో పదిహేనేళ్లుగా ఉన్నాను. మొదట చేరిన కంపెనీలో పర్మినెంట్ వాళ్ల ఐడీ కార్డు తాడు నీలం, మా కాంట్రాక్ట్ వాళ్లది పసుపు. క్యాంటీన్‌లో వరస కూడా వేరే. చేసేది ఒకే మెషీన్ మీద, ఒకే పని. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు, ఆ తాడే అన్నీ చెప్పేది. గని కూలీలు పైనున్నవాళ్ల పక్కగా ఒదిగి నడిచే తీరు చూస్తుంటే నాకు ఆ క్యాంటీన్ వరస గుర్తొచ్చింది. తర్వాత తెలుస్తుంది, వీళ్లు కాగ్ లేకుండా పుట్టలేదు, పుట్టగానే తీసేశారు. తీయించినవాడు వీళ్లంతా దేవుడిలా కొలిచే పాలకుడు సెంటినెల్ ప్రైమ్. ఆ మాట వినగానే మా మేనల్లుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఇప్పుడు ఒక స్టిక్కర్ సంగతి. మొదట్లో ఓరియన్ తన స్నేహితుడికి ఒక కానుక ఇస్తాడు. పాతకాలపు మహావీరుడు మెగాట్రోనస్ ప్రైమ్ ముఖం ఉన్న స్టిక్కర్. డి-16కి ఆయనంటే ప్రాణం. దాన్ని తీసుకుని భుజం మీద అంటించుకుంటాడు. ఆ ఆనందం చూస్తే, చిన్నప్పుడు మనం నోటుపుస్తకం అట్ట మీద హీరో బొమ్మ అంటించుకుని పదిసార్లు చూసుకున్నట్టే ఉంటుంది. మామూలు సీన్. నేను పట్టించుకోలేదు, మా వాడు పట్టించుకున్నాడు. ‘మామా, ఆ స్టిక్కర్ ఇంకా ఉంది చూడు’ అని రెండుసార్లు చెవిలో చెప్పాడు. తర్వాత సెంటినెల్ చేతికి చిక్కినప్పుడు, తాను కొలిచే వీరుణ్ణి చంపించింది, ఆయన కాగ్‌ను ఛాతీలో పెట్టుకు తిరుగుతున్నది ఈ దుర్మార్గుడేనని డి-16కి తెలుస్తుంది. ఎగతాళిగా సెంటినెల్ అదే ముఖాన్ని డి-16 ఒంటి మీద కాల్చి ముద్ర వేస్తాడు. స్నేహితుడు ప్రేమతో ఇచ్చింది శత్రువు చేతిలో వాత అయింది. నలభై ఏళ్లుగా బొమ్మల మీద చూస్తున్న డిసెప్టికాన్ గుర్తు, అంటే మెగాట్రాన్ ముఠా గుర్తు వెనక ఇంత నొప్పి ఉండొచ్చని నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ తర్వాత చివరి పోరాటం. లొంగిపోయిన సెంటినెల్‌ను కాల్చేయబోతాడు డి-16. వద్దని ఓరియన్ అడ్డం వస్తాడు, దెబ్బ ఓరియన్‌కు తగులుతుంది, అగాధంలోకి పడిపోతుంటే డి-16 చెయ్యి పట్టుకుంటాడు. పట్టుకుని, ఒక్క క్షణం చూసి, ఇక నిన్ను కాపాడలేనని చెప్పి వదిలేస్తాడు.

హాల్లో చప్పుడు లేదు. పాప్‌కార్న్ నమిలే శబ్దం కూడా ఆగింది. మా వెనక వరసలో ఒక కుర్రాడు కన్నడలో ‘బేడా, బేడా’ అన్నాడు, వద్దు వద్దని. నేను మస్కట్ అన్న వైపు చూశాను. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

మెగాట్రాన్ గొంతు బ్రయాన్ టైరీ హెన్రీది. సినిమాకు అసలు బలం ఆయనే. మొదట భయస్తుడు, రూల్స్ దాటనివాడు, ఓరియన్ తెచ్చే తంటాలకు విసుక్కునేవాడు. నిజం తెలిశాక గొంతు మారడం మొదలవుతుంది. అరుపు పెరగడం కాదు, మాటకూ మాటకూ మధ్య వేడి పెరుగుతుంది. చివరికొచ్చేసరికి అదే మనిషని నమ్మలేం. హెమ్స్‌వర్త్ సంగతికొస్తే, సినిమా మొదట్లో ఓరియన్ కాలేజీ కుర్రాడిలా తేలిగ్గా మాట్లాడతాడు, మాకు గుండెల్లో రాయి పడింది. కానీ ఆయన ఆప్టిమస్‌గా లేచి నిలబడి మాట్లాడినప్పుడు గొంతులో బరువు దిగింది. కల్లెన్‌ను అనుకరించలేదు, ఆ దారిలో నాలుగడుగులు వేశాడు. బయటికొచ్చాక మస్కట్ అన్న అన్న మొదటి మాట కూడా అదే: ‘కల్లెన్ లేడని మధ్యలో మర్చిపోయినాను రా.’ ఈ మాట ఆయన నోట వస్తుందని మాలో ఎవరూ అనుకోలేదు.

రూపం మారే సీన్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, అది నా పని కాబట్టి. 2007లో మైకేల్ బే తీసిన మొదటి సినిమాలో ఒక్క ఆప్టిమస్‌కే పదివేలకు పైగా భాగాలు గీశారు. చూడ్డానికి అద్భుతం, కానీ ఏ ముక్క ఎక్కడికి పోయిందో కంటికి ఆనేది కాదు. బొమ్మ చేతిలో తిప్పినవాళ్లకు తెలుస్తుంది, రూపం మారడమంటే ఒక పిన్ను, ఒక కీలు, ‘టక్’ అని పడే ఒక చప్పుడు. జపాన్ తకారా వాళ్ల బొమ్మలకు అమెరికా హాస్‌బ్రో వాళ్లు 1984లో కొత్త పేర్లూ కథలూ తగిలించినప్పుడు పిల్లలు పడిపోయింది ఆ చప్పుడుకే. ఈ సినిమాలో చక్రం భుజం వెనక్కి ఎలా మడుచుకుందో, తల ఎక్కడ దాక్కుందో కళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది. ఇంకా నచ్చిందేంటంటే, కాగ్‌లు దొరికిన వెంటనే వీళ్లకు ఆ విద్య రాదు. శత్రువులు తరుముతుంటే పరుగెత్తుతూనే నేర్చుకోవాలి. సగం మారి ఆగిపోతారు, దొర్లుతారు, ఒకళ్ల మీద ఒకళ్లు పడతారు. కొత్త మోల్డ్ మెషీన్ మీదికి ఎక్కించిన రోజు మొదటి ముక్క ఎప్పుడూ సరిగ్గా రాదు, అంచున ప్లాస్టిక్ పొంగుతుంది, పిన్ను పట్టేస్తుంది. ఐదారు ముక్కలు పారేశాక సరైనది వస్తుంది. ఆ సీన్ తీసినవాళ్లకు పని ఎలా చేతికి వస్తుందో తెలుసు.

లోపాలు లేవనను. బి-127, అంటే మన బంబుల్‌బీ, మాటలు ఎక్కువ. పాత సినిమాల్లో గొంతు పోయి రేడియో పాటలతో మాట్లాడేవాడు కాబట్టి ఇక్కడ వసపిట్టలా వాగించడం సరదా ఆలోచనే. చెత్తకుప్పలో ఒంటరిగా ఉండి పనికిరాని సామానుతో స్నేహితుల్ని తయారుచేసుకున్నాడని చూపించిన చోట మనసు కలుక్కుమంది. కానీ బరువైన సీన్ల మధ్య కూడా వాడి జోకు దూరితే చిరాకేసింది. ఎలీటా పాత్రకు స్కార్లెట్ జోహాన్సన్ గొంతు ఉంది, ధైర్యం ఉంది, చేయడానికి పని తక్కువ ఉంది. సెంటినెల్ మోసం పెద్దవాళ్లకు ముందే తెలిసిపోతుంది.

సినిమా అయ్యాక రాజాజీనగర్‌లో ఒక దర్శిని ముందు నిలబడి తట్టె ఇడ్లీ తింటూ గంటసేపు వాదించుకున్నాం. మాలో హిందూపురం తమ్ముడు ఒకడున్నాడు, కామిక్స్ కూడా చదివినవాడు. వాడికి డి-16 మారిన తీరు నచ్చలేదు. ‘పొద్దున స్నేహితుడు, సాయంత్రానికి హంతకుడా అన్నా? ఇంత తొందరేంది?’ అన్నాడు. గంటా నలభై నాలుగు నిమిషాల సినిమా, ఇంకో పావుగంట ఉంటే బాగుండేదని నేనూ ఒప్పుకున్నాను. కానీ తొందరగా మారాడన్నది ఒప్పుకోను. పుట్టిన రోజు నుంచి మోసపోయానని ఒక్క రోజులో తెలిసినవాడికి నిదానం ఎక్కడి నుంచి వస్తుంది? ఓరియన్ మొదటి నుంచీ పెద్దల మాటను అనుమానించాడు కాబట్టి నిజం తెలిసినా నిలబడ్డాడు. నమ్మినవాడే విరిగిపోయాడు. తమ్ముడు తల ఊపలేదు. ఇడ్లీ అయిపోయి, కాఫీ అయిపోయి, మెట్రోలో కూడా ఆ వాదన నడిచింది. బే తీసిన ఐదు సినిమాల్లో ఏది చూసొచ్చినా మేము పేలుళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఒక పాత్ర చేసింది న్యాయమా కాదా అని మొదటిసారి కొట్టుకున్నాం.

రెండోసారి మా ఆవిడతో ఇంకో థియేటర్‌లో త్రీడీలో చూశాను. అది మాత్రం పొరపాటు. ప్రొజెక్టర్ వెలుగు చాలక గనుల సీన్లన్నీ బురదలో ముంచి తీసినట్టు కనిపించాయి. ఇంటర్వెల్‌లో వెళ్లి చెబితే కౌంటర్ దగ్గర అబ్బాయి ‘త్రీడీ అంటే అంతే సార్’ అన్నాడు. అంతే కాదు. సైబర్‌ట్రాన్ ఉపరితలం మీద కొండలు కదులుతూ రూపం మార్చుకునే ఆ రంగులు మొదటిసారి టూడీలో కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను. టూడీలోనే చూడండి.

బాధ కలిగించేది ఇంకోటి ఉంది. ఆదివారం పొద్దున కూడా మా హాల్లో సగం సీట్లు ఖాళీ. రెండో వారం తిరిగేసరికి మా వైపు ఆటలు పొద్దున ఒకటి, అర్ధరాత్రి ఒకటి మిగిలాయి. ఈ వరసలో 2011, 2014 సినిమాలు ఒక్కొక్కటీ ప్రపంచమంతా కలిపి వంద కోట్ల డాలర్లు దాటాయి. సుమారు 7.5 కోట్ల డాలర్లు పెట్టి తీసిన ఇది 13 కోట్ల దగ్గరే ఆగిపోయింది. అభిమానులు మెచ్చిన సినిమాకే డబ్బు రాలేదు. ఆ ట్రైలరే ముంచిందని మా గ్రూపులో అందరి మాటా ఒకటే. పిల్లల కామెడీ అనుకుని పెద్దవాళ్లు ఆగిపోయారు. మస్కట్ అన్న కూడా మేము బలవంతపెట్టకపోతే ఇంట్లోనే కూర్చునేవాడు.

పదేళ్ల పిల్లలకు నిశ్చింతగా చూపించొచ్చు. అంతకంటే చిన్నవాళ్లయితే సెంటినెల్‌ను మెగాట్రాన్ రెండుగా చీల్చే చోట కళ్లు మూయాల్సి రావచ్చు, రోబోలే అయినా ఆ సీన్ కటువుగానే ఉంది. బొమ్మల పేర్లేవీ తెలియకపోయినా ఏం ఇబ్బంది లేదు. మా ఆవిడకు ఆప్టిమస్ తప్ప ఎవరూ తెలియరు, చెయ్యి వదిలేసిన చోట ఆమె కూడా ఉలిక్కిపడింది.

పేర్లు పడటం మొదలవగానే లేవకండి. పూర్తిగా అయ్యాక మెగాట్రాన్ తనవాళ్లతో మాట్లాడే సీన్ ఒకటుంది. మాలో ఇద్దరు పార్కింగ్ రద్దీ అని ముందే వెళ్లిపోయారు. దర్శిని దగ్గర మమ్మల్ని కలిసినప్పుడు మా మేనల్లుడు వాళ్లను నిలబెట్టి, ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టి, గొంతు బొంగురు చేసుకుని ఆ సీన్ మొత్తం చేసి చూపించాడు.