తెచ్చిపెట్టుకున్న నవ్వును పట్టడానికి ఏది మేలు: ఫొటోనా, వీడియోనా?

పెళ్లి ఆల్బం చేయించుకునేవాళ్లంతా ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: "అన్నా, వేల ఫొటోల్లో మంచి నవ్వులను కంప్యూటరే ఏరిపెడుతుందట కదా, అది వాడకూడదా?"

వాడవచ్చు. వాడుతున్నాను కూడా. అయితే దానికి ఫొటో ఇస్తున్నామా, వీడియో ఇస్తున్నామా అన్నదే అసలు సంగతి.

ఫొటో పద్ధతికి పునాది పాతదే. పెదవుల కొసలను పైకి లాగే కండరం మన మాట వింటుందనీ, కంటి చుట్టూ ఉన్న కండరం మనసారా నవ్వితేనే కదులుతుందనీ ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్ 1862లోనే రాశాడు. 1978లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎక్‌మన్, ఫ్రీసెన్ ముఖ కదలికలకు అంకెలు వేసినప్పుడు పెదవులది 12, కంటిది 6 అయింది. రెండూ కనిపిస్తే నిజం నవ్వని ప్రోగ్రాం లెక్క కడుతుంది. పని త్వరగా అవుతుంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

మా కర్నూలు ఎండలో మాత్రం ఆ పప్పులు ఉడకవు. మొన్న వేసవిలో ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో పదకొండు గంటలకు ఒక జంటను తీశాను. పెళ్లికొడుకు ఎండకు కళ్లు చికిలించి, ఎప్పుడు వదులుతారా అన్నట్టు పళ్లు బయటపెట్టాడు. కంటి కొసల్లో మూడేసి ముడతలు! ప్రోగ్రాం అతనికే అందరికన్నా ఎక్కువ మార్కులు వేసింది. తలంబ్రాలప్పుడు పగలబడి నవ్విన అమ్మమ్మేమో, కళ్లద్దాల మీద ఫ్లాష్ మెరిసి కళ్లు కనపడక, అట్టడుగున పడింది. పైగా కంటి ముడతలను కావాలని తెచ్చుకోగలవాళ్లు తక్కువేమీ కాదని 2009లో క్రూమ్‌హూబర్, మాన్‌స్టెడ్ పరిశోధనలో తేలింది.

అందుకే నా ఓటు వీడియోకు. ముఖం అబద్ధమాడినా, నవ్వు వచ్చే తీరు దాన్ని పట్టిస్తుంది. 2012లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పరిశోధకులు ఎహ్సాన్ హోక్, రోజలిండ్ పికార్డ్ కొందరి చేత పెద్ద ఫారం నింపించి, పంపగానే అంతా చెరిగిపోయేలా చేశారు. చిరాకు నటించమంటే నవ్వనివాళ్లు, నిజంగా చిరాకు పుట్టినప్పుడు నవ్వారు! ఆ నవ్వు గబుక్కున వచ్చి గబుక్కున పోయింది. సంతోషపు నవ్వు మెల్లగా విచ్చుకుంది. ఆ తేడాను మనుషులకన్నా కంప్యూటరే బాగా పట్టింది.

నా వీడియోల్లోనూ అదే చూశాను. "ఇటు చూసి నవ్వమ్మా" అనగానే పెళ్లికూతురి ముఖంలో నాలుగైదు ఫ్రేములకే (వీడియోలోని ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) నవ్వు నిండిపోయింది. తలంబ్రాల బియ్యం మెడలోకి జారినప్పుడు మాత్రం పది పన్నెండు ఫ్రేములు పట్టింది. దీనికీ తంటాలు లేకపోలేదు: రాత్రంతా కంప్యూటర్ నడవాలి, తాంబూలం నమిలే మామయ్యల దగ్గర తికమకపడుతుంది.

ఫోన్లలో, కెమెరాల్లో నవ్వగానే దానంతటదే ఫొటో తీసే సదుపాయం ఉంది. అది నవ్వు ఉందా లేదా అనే చూస్తుంది. కండరాల విద్యుత్తును కొలిచే తీగలూ ఉన్నాయి గానీ, పెళ్లిపీటల మీద ఎవరి ముఖానికి అంటిస్తాం?

ఇప్పుడు వీడియోలో నవ్వు విచ్చుకున్న క్షణాలను గుర్తుపెట్టుకుని, ఆ సమయానికి తీసిన ఫొటోలనే ఆల్బంకు ఏరుతున్నాను. అమ్మమ్మ అలాగే మొదటి పేజీకి ఎక్కింది. పెళ్లికొడుకు మాత్రం ఓర్వకల్లు ఫొటోనే అడిగి మరీ అట్ట మీద వేయించుకున్నాడు.