అయిదు రోజులు తాగిన ఉప్పు మందు: పొటాషియం సిరప్ మీద నా అనుభవం

నేను విశాఖపట్నం అక్కయ్యపాలెంలో బ్లౌజులు కుడతాను. ఇరవై రెండేళ్లుగా అదే గది, కాలితో తొక్కే అదే మిషను. ఒక మందు గురించి ఇలా రాయడం నాకిదే మొదటిసారి. మొన్న ఆషాఢంలో అయిదు రోజులు పొటాషియం క్లోరైడ్ సిరప్ తాగాను. 200 మిల్లీలీటర్ల సీసా, పైన 15 మిల్లీలీటర్ల కొలత మూత. కంపెనీ పేరు రాయడం లేదు. నాకు పనిచేసింది లోపలున్న ఉప్పు, సీసా మీద పేరు కాదు. కొత్తగా ఈ మందు రాయించుకుని, మొదటి గుక్కకే సీసా పక్కన పెట్టేసే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డాక్టరు రాయకపోయినా కొనుక్కుని తాగుదామనుకునే వాళ్ల కోసం ఇంకా ఎక్కువగా రాస్తున్నాను.

అసలు ఇది నా చేతికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తాను. కొండ కింద తొలి మెట్టయిన తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. ఈసారి వాన లేదు, ఒకటే ఉక్క. హనుమంతవాక దాటేసరికే జాకెట్టు పిండితే నీళ్లు కారేలా ఉంది. దారి పొడవునా నీళ్లు ఇస్తూనే ఉన్నారు, నేను తాగుతూనే ఉన్నాను. ఆ సాయంత్రం నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజులు మజ్జిగన్నం తప్ప ఏమీ దిగలేదు. అయినా పొద్దున్నే బీపీ మాత్ర మాత్రం మానలేదు. మాత్ర మానకూడదని అందరూ చెప్పేదే కదా.

మూడో రోజు మిషను దగ్గర కూర్చుంటే పెడల్ తొక్కడానికి కాళ్లు సహకరించలేదు. పిక్కలు పట్టేశాయి. నడిచిన అలసట అనుకున్నాను. ఆ రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చింది. గుండె ఒక్క క్షణం ఆగిపోయినట్టు, ఆ వెంటనే లోపల ఎవరో గట్టిగా గుద్దినట్టు. నాలుగు మామూలు కొట్లు, మళ్లీ ఒక ఖాళీ, మళ్లీ గుద్దు. చెయ్యి పెట్టి చూసుకుంటే నాడి కూడా అలాగే తప్పుతోంది. మా ఆయన్ని లేపాను. పక్క వాటాలో ఉండే శ్రీకాకుళం అమ్మాయి చప్పుడుకి లేచి వచ్చి, నా చేయి పట్టుకుని, "ఏటైనాది వదినా, ఒళ్లంతా సల్లగైపోనాది" అని ఏడుపు మొదలుపెట్టింది. మా అమ్మ గుండెపోటుతోనే పోయింది. నాకు ఆ క్షణంలో వేరే ఆలోచన రాలేదు.

ఆటోలో వెళ్లాం. అది మా పొరపాటని డ్యూటీ డాక్టరమ్మ తర్వాత చెప్పింది. గుండె లయ తప్పుతున్నప్పుడు దారిలో ఏమైనా అయితే ఆటోవాడు ఏం చేయగలడు, 108కి ఫోన్ చేయాలమ్మా అంది. ఇంట్లో అందరికీ ఇప్పుడు ఆ మాట గట్టిగా చెప్పి ఉంచాను.

ఈసీజీ తీశారు. గుండెపోటు ఉందో లేదో చూసే ట్రోపోనిన్ పరీక్ష వెంటనే ఒకసారి, మూడు గంటల తర్వాత మరోసారి చేశారు. రెండూ బాగానే ఉన్నాయి. తేడా దొరికింది మరో కాగితంలో. రక్తంలో పొటాషియం 3.5 నుంచి 5 దాకా ఉండాలి. నాకు 2.7 ఉంది. డాక్టరమ్మ ఈసీజీ కాగితం నా మంచం మీదే పరిచి, గుండె కొట్టిన ప్రతిసారీ చివర్లో రావలసిన గుండ్రటి గుట్ట చదునైపోయిందని, దాని పక్కనే ఉండకూడని చిన్న గుట్ట లేచిందని వేలు పెట్టి చూపించింది. నాకు ప్యాటర్ను చూడడం అలవాటు కాబట్టి ఆ గీతలు బాగా గుర్తుండిపోయాయి. మన ఒంట్లో ఉన్న పొటాషియంలో నూటికి 98 వంతులు కణాల లోపలే ఉంటుందట. రక్తంలో తిరిగేది ఆ మిగిలిన కాస్త. ఆ కాస్తలో తేడా వస్తేనే గుండె తాళం తప్పుతుంది.

కారణం వెతకడానికి ఆమె నా బీపీ మాత్ర అట్ట తెమ్మంది. అందులో క్లోర్‌థాలిడోన్ అనే మందు కలిసి ఉంది. ఒంట్లో నీటినీ ఉప్పునీ మూత్రంలోంచి పంపేసి బీపీ తగ్గించే రకం. దాంతోపాటు పొటాషియం కూడా పోతుంది. ఏడాదిన్నర కిందట ఒక క్లినిక్‌లో మాత్ర మార్చినప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. లవణాల పరీక్ష ఒక్కసారి కూడా రాయలేదు. నాకు ఇప్పటికీ బాధగా ఉన్నది అక్కడే. మాత్ర మంచిదే, బీపీ బాగా తగ్గింది. కానీ మొదలుపెట్టిన కొన్ని వారాలకు ఒకసారి, ఆ తర్వాత అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించాలి. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు ఆ మాత్ర వేసుకోవాలా ఆపాలా అని డాక్టరుకి ఫోన్ చేసి అడగాలి. ఈ రెండు మాటలు ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి నాకు వచ్చేదే కాదేమో.

మెగ్నీషియం కూడా తక్కువ ఉంది. అది తక్కువైతే ఎంత పొటాషియం ఎక్కించినా మూత్రపిండాలు పట్టి ఉంచలేవట. అందుకని మొదట మెగ్నీషియం పెట్టారు, తర్వాత పొటాషియం కలిపిన సెలైన్. అది ఎక్కుతుంటే చేతి నరం వెంబడి మంట, మోచేతి దాకా. తొందరగా అయిపోయేలా చేయమని సిస్టర్‌ని బతిమాలాను. ఆమె ఒప్పుకోలేదు. "గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లే వదులుతున్నాను అమ్మా, వేగం పెంచితే గుండెకే ప్రమాదం" అని, మంట తగ్గడానికి చేతి కింద తడిగుడ్డ పెట్టి, మానిటర్ మీద కళ్లు తీయకుండా నిలబడింది. తెల్లారేసరికి 3.1 అయింది. కొట్లు తప్పడం తగ్గింది. మర్నాడు సాయంత్రం ఇంటికి పంపేటప్పుడు ఈ సిరప్ రాశారు: రెండు రోజులు మూడు పూటలా, తర్వాత మూడు రోజులు రెండు పూటలా, పూటకు ఒక మూత.

ఇక మందు సంగతి. సీసా మూత తీయగానే నారింజ పండు వాసన వస్తుంది. అది చూసి మోసపోవద్దు. నాలుక మీద పడగానే సముద్రపు నీళ్లలో వేపాకు నూరి కలిపినట్టు ఉంటుంది. ఉప్పు, చేదు, చివర్లో గొంతులో గరగర. మొదటి పూట నేను మూతతో నేరుగా పోసేసుకున్నాను. కడుపులో మంట పుట్టి, పది నిమిషాల్లో వాంతి అయింది. తప్పు మందుది కాదు, నేను తాగిన పద్ధతిది. సీసా మీద చిన్న అక్షరాల్లో నీళ్లలో కలిపి తాగాలని రాసే ఉంది. చిక్కగా తాగితే ఈ ఉప్పు కడుపు లోపలి పొరను కొరుకుతుంది.

రెండో పూట నుంచి పద్ధతి మార్చాను. ముందు అన్నం తినాలి. ఖాళీ కడుపుతో వద్దే వద్దు. పెద్ద గ్లాసు నిండా చల్లటి నీళ్లు తీసుకుని, అందులో ఒక మూత మందు వేసి బాగా కలిపి, పది పదిహేను నిమిషాలు గుక్క గుక్కగా తాగాను. చల్లదనానికి చేదు సగం చచ్చిపోతుంది. తాగాక నోట్లో రెండు యాలకులు. మజ్జిగలో కలిపి చూశాను, మజ్జిగ రుచే పాడైంది. తాగిన వెంటనే పడుకోకుండా కాసేపు కాజాలు కుడుతూ కూర్చునేదాన్ని. మూడో రోజుకి కడుపులో మంట లేదు. కాస్త వికారం మాత్రం చివరిదాకా ఉంది.

పని విషయంలో ఈ మందుకి నేను పూర్తి మార్కులు వేస్తాను. రెండో రోజు సాయంత్రానికి పిక్కలు వదిలాయి. నాలుగో రోజు పెడల్ మీద కాలు పెడితే మునుపటిలా తిరిగింది. రాత్రి పడుకున్నాక గుండె మీద చెయ్యి పెట్టుకుని లెక్కపెట్టేదాన్ని. అయిదో రాత్రి ఒక్క కొట్టు తప్పలేదు. ఆరో రోజు పరీక్షలో 4.1 వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ల్యాబు మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

చూడడానికి వచ్చిన వాళ్లందరూ ఒకటే మాట: ఈ మందులెందుకు, కొబ్బరి బొండాలు తాగు, అరటిపండ్లు తిను. నేను డాక్టరమ్మని అదే అడిగాను. ఒక మూత మందులో దాదాపు 780 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. అంటే సుమారు రెండు అరటిపండ్లు. బొండాం నీళ్లలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 200 నుంచి 250 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి, పెద్ద బొండాం ఒకటి ఇంచుమించు ఒక మూతకి దగ్గరగా వస్తుంది. మరి ఎందుకు చాలదు? పండ్లలో ఉండే పొటాషియం ఎక్కువగా వేరే లవణాల రూపంలో ఉంటుందట. నీటిని పంపేసే మాత్ర వల్ల పొటాషియంతోపాటు క్లోరైడ్ కూడా పోతుంది, అది కూడా తిరిగి రాకపోతే పొటాషియం నిలబడదు. పైగా 2.7 దగ్గర ఉన్నప్పుడు లెక్క తెలిసిన మోతాదు కావాలి. బాగయ్యాక తిండి చాలు. ఇప్పుడు ఎంవీపీ రైతు బజారు నుంచి అరటిపండ్లు, పాలకూర తెచ్చుకుంటున్నాను, అది వేరే సంగతి.

ఓఆర్‌ఎస్ గురించి తెలిసినప్పుడు మాత్రం నా మీద నాకే కోపం వచ్చింది. లీటరు నీళ్లలో కలిపే ఆ పొడి పొట్లంలో ఒకటిన్నర గ్రాముల పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. అంటే సరిగ్గా ఈ సిరప్ ఒక మూతలో ఉన్నంత. విరేచనాలు మొదలైన సాయంత్రమే లీటరుకి ఒకటి చొప్పున రెండు పొట్లాలు కలుపుకుని తాగాల్సింది. మా ఇంట్లో మందుల డబ్బాలో ఒక పొట్లం ఉంది కూడా.

ఇక భయపడాల్సిన సంగతి. మా ఆయన సీసా కొనడానికి వెళితే, మందుల షాపులో అబ్బాయి "టానిక్ లాంటిదే, అయిపోయాక ఇంకోటి తీసుకెళ్లండి" అన్నాడట. ఇది టానిక్ కాదు. పొటాషియం తక్కువైతే గుండె లయ ఎలా తప్పుతుందో, ఎక్కువైనా అలాగే తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. మూత్రపిండాలు సరిగా పనిచేయని వాళ్లకి అది బయటికి పోయే దారి ఉండదు. బీపీకి వాడే టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మాత్రలు, స్పిరోనోలాక్టోన్ అనే మాత్ర పొటాషియాన్ని ఒంట్లోనే ఆపుతాయి. వాటి మీద ఈ సిరప్ సొంతంగా కలుపుకుంటే చాలా ముప్పు. అందుకే నాకు కూడా అయిదు రోజులే రాసి, ఆరో రోజు పరీక్ష చేయించుకోకుండా ఇంకో మూత తాగొద్దన్నారు.

లెక్క ప్రకారం పన్నెండు మూతలు, 180 మిల్లీలీటర్లు. మొదటి రోజు వాంతి అయిన పూట మళ్లీ తాగలేదు, డాక్టరమ్మే వద్దంది. సీసాలో ఒక మూతకి పైన మిగిలింది. వారం తర్వాత ఎదురింటి బాబాయి గారు వచ్చారు. ఆయనకి షుగరు ఉంది, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా కాస్త ఎక్కువ. "నాకూ రాత్రుళ్లు పిక్కలు పట్టేస్తున్నాయమ్మా, నీకు మిగిలిన మందు ఉంటే ఇవ్వు" అని అడిగారు. పెద్దాయన, మా పిల్లల ఫీజుకి ఒకసారి అడగకుండానే డబ్బిచ్చిన మనిషి. ఆయనకి లేదని చెప్పడం నాకు కష్టమైంది. అయినా ఇవ్వలేదు. మా కాగితాలన్నీ ముందు పెట్టి, ముందు రక్తపరీక్ష చేయించుకోండి బాబాయి, మందు నేనే కొనిపెడతాను అన్నాను. ఆయన కాస్త నొచ్చుకునే వెళ్లారు.

రెండు రోజుల తర్వాత రిపోర్టు పట్టుకుని ఆయనే వచ్చారు. పొటాషియం 5.6. బీపీకి మంచిదని ఎవరో చెబితే మూడు నెలలుగా సోడియం తక్కువ ఉప్పు వాడుతున్నారట. ఆ ఉప్పులో సోడియం బదులు కలిపేది ఇదే పొటాషియం క్లోరైడ్. ఆయన డాక్టరు ఆ ఉప్పు వెంటనే ఆపించి, మాత్ర కూడా మార్చారు. బాబాయి మా గదిలో కూర్చుని నీళ్లు తాగుతూ, ఆ సీసా ఎక్కడుందో చూపించమన్నారు. అలమర మీద నుంచి తీసి, ఆయన ముందే సింకులో ఒంపేసి సీసా కడిగేశాను.