నీళ్లను కొలవాలా, పిల్లల పళ్లను చూడాలా?

నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బాధను పసిగట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి బోరు నీళ్ల పరీక్ష. లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు; వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు పర్వాలేదని మన దేశ ప్రమాణాలు చెబుతాయి. జబ్బు రాకముందే హెచ్చరిక అందుతుంది, అదే దీని బలం. కానీ ఆ అంకె బోరుది, మనిషిది కాదు. పొలం దగ్గర ఏ నీళ్లు తాగుతున్నారో అది చెప్పదు.

రెండోది బడి పిల్లల పళ్లు చూడటం. పిల్లాణ్ని వెలుతురులో నిలబెట్టి, ముందు పళ్లు తుడిచి చూస్తే చాలు: సున్నం పూసినట్టు తెల్లని చారలు, ముదిరితే గోధుమరంగు మచ్చలు, గుంటలు. ఒంట్లోకి చేరినదాన్ని పళ్లు దాచవు. చిక్కల్లా ఆలస్యమే. పంటి గట్టి పైపొర, అంటే ఎనామెల్, తయారయ్యేది పసితనంలో, చిగురు లోపల. ఏడెనిమిదేళ్లకు పైవరస శాశ్వత ముందు పళ్లు వచ్చాక కనిపించే మచ్చ ఎప్పుడో తాగిన నీళ్లది. దానంతట అది పోదు కూడా.

డబ్బు ఒక్కదానికే ఉంటే నా ఓటు నీళ్ల పరీక్షకే. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వచ్చాక మాత్రం పళ్ల లెక్కకు విలువ పెరిగింది. కొత్తగా పళ్లొస్తున్న పిల్లల్లో చారలు తగ్గాయా లేదా చూస్తేనే, ఆ నల్లా నీళ్లు నిజంగా గొంతు దిగుతున్నాయో లేదో తెలుస్తుంది.