థర్మోస్టాట్ పీకేయాలా, కొత్తది వేయాలా?

పాత పికప్ హీటెక్కుతోందని అడిగేవాళ్లలో సగం మంది చివరికి ఇక్కడికే వస్తారు: "మెకానిక్ థర్మోస్టాట్ తీసేద్దాం అంటున్నాడు, తీయించేయమంటారా?" గాజువాక ఆటోనగర్‌లోనైనా, కంచరపాలెంలోనైనా చెప్పే కారణం ఒక్కటే. మన వైజాగ్ ఎండలకి అదెందుకండీ, చలి దేశాల బండ్లకి కదా అని.

థర్మోస్టాట్ అంటే ఇంజిన్‌లోని నీళ్లు తగినంత వేడెక్కేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే వాల్వ్. దాన్ని తీసేయడం పనికిరాదని అనను. వాల్వ్ మూసుకున్నది మూసుకున్నట్టే బిగుసుకుపోతే నీళ్లు రేడియేటర్‌కి వెళ్లవు. శృంగవరపుకోట దాటి లోడుతో అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా అలా అయిందంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటడానికి ఎంతోసేపు పట్టదు. ఆ కొండ మీద కొత్త పార్టు ఎక్కడ దొరుకుతుంది? ఇంజిన్ చల్లారనిచ్చి, దాన్ని తీసేసి, నీళ్లు పోసుకుని మెల్లగా దిగొస్తే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) మిగులుతుంది. అంతవరకూ సరే.

దిగొచ్చాక కూడా అలాగే నడపడమే నాకు నచ్చదు. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ 80 డిగ్రీల అటూఇటూగా తెరుచుకోవడం మొదలవుతుంది. బయట ఎండ 40 ఉన్నా ఇంజిన్‌కి కావలసిన వేడి దానికి రెట్టింపు. థర్మోస్టాట్ లేని బండి తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడుతో బయల్దేరితే ఖాళీ రోడ్డు మీద చాలాసేపు ఆ వేడి అందుకోదు. డీజిల్ సరిగ్గా కాలదు. తెల్లపొగ వస్తుంది, స్లోలో (ఐడ్లింగ్‌లో) బండి వణుకుతుంది, ఒక్కోసారి సిగ్నల్ దగ్గర ఆగిపోతుంది. డీజిల్‌ని కంప్యూటర్ కొలిచి కొట్టించే కామన్ రైల్ బండి అయితే, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని సెన్సర్ చెబుతూనే ఉంటుంది కాబట్టి ఈసీయూ అనే ఆ కంప్యూటర్ స్లోని పెంచే ఉంచుతుంది, డీజిల్ కూడా ఎక్కువే తాగుతుంది. పాత మెకానికల్ పంపు బండి అయితే మెకానిక్ స్లో స్క్రూ తిప్పి పంపిస్తాడు. హీటింగ్‌కి చేయించిన రిపేరే ఐడ్లింగ్ కంప్లైంటుగా తిరిగొస్తుందన్నమాట, మనమేమో అది వేరే జబ్బనుకుని ఇంకో బిల్లు కడతాం.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. చాలా థర్మోస్టాట్లకి అడుగున చిన్న ప్లేటు ఉంటుంది. వాల్వ్ తెరుచుకునేకొద్దీ ఆ ప్లేటు బైపాస్ దారిని మూసేస్తుంది. మొత్తం పీకేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. అలాంటి బండి పొద్దున్న వేడెక్కదు, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ముందుకంటే ఎక్కువే కాగుతుంది. నా ఓటు కొత్తదానికి పడేది ఇందుకే.

అసలు తప్పు థర్మోస్టాట్‌దేనా అన్నది తేల్చుకోవడం తేలిక. దారం కట్టి గిన్నెడు నీళ్లలో వేలాడదీసి పొయ్యి మీద పెట్టండి. నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకుని, చల్లారాక మళ్లీ మూసుకుంటే అది నిర్దోషి. అప్పుడు బండి ఎక్కడ కాగుతోందో చూడండి. గాజువాక జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడినప్పుడే ముల్లు లేచి, బండి కదిలాక దిగితే ఫ్యాన్, బెల్టు, ఫ్యాన్ క్లచ్ చూపించాలి. స్పీడులో, ఎత్తు మీద లేస్తే రేడియేటర్ చోక్ అయి ఉండొచ్చు. బోరునీళ్లు పోసిన బండ్లలో ట్యూబుల నిండా తుప్పూ సున్నమూ పేరుకుంటాయి, పైగా మన సముద్రపు గాలికి రేడియేటర్ ఫిన్లు (సన్నటి రేకులు) ముట్టుకుంటే రాలతాయి.

థర్మోస్టాట్‌కి చిల్లు పెట్టి వేయడమనే మధ్యేమార్గం ఒకటుంది, వేడెక్కడం అప్పుడూ ఆలస్యమే. ఫ్యాన్‌కి డైరెక్ట్ స్విచ్ పెట్టించడం ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండ్లకే కుదురుతుంది, అదీ స్విచ్ వేయడం గుర్తుంటే.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద కొట్టి ఉన్న డిగ్రీలే అడగండి. రబ్బరు ఎండిపోయిన రేడియేటర్ మూత కూడా అప్పుడే మార్చేయండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోసి, ఇంజిన్ నడుపుతూ లోపలి గాలి మొత్తం బయటికి పోనివ్వండి. గాలి ఇరుక్కుంటే ముల్లు మళ్లీ లేస్తుంది, కొత్త థర్మోస్టాట్ కూడా పాడే అనుకుని దాన్నీ పీకేస్తారు. మర్నాడు పొద్దున్న, బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి లెవెల్ చూసి, తగ్గితే మళ్లీ పోయండి.