గండికోటకు గాడిదతో కాలినడకన

పిల్లలతో కాలినడక ప్రయాణం అనుకోగానే భయపెట్టేది దూరం కాదు, మూట. నీళ్లు, దుప్పట్లు, మార్చుకునే బట్టలు, చిరుతిళ్లు అన్నీ చివరికి తండ్రి వీపు మీదికే చేరతాయి. ఫ్రాన్స్ దక్షిణాన సెవెన్ కొండల్లో ఇందుకోసమే కుటుంబాలకు గాడిదలను అద్దెకిస్తారు. సామాను దాని మీద వేసుకుని ఊరి నుంచి ఊరికి నడుస్తారు. రాత్రి దిగే చోట మనిషికి మంచంతో పాటు గాడిదకు మేత కూడా దొరుకుతుంది. మన కడప జిల్లాలో అలాంటి ఏర్పాటేదీ మాకు కనబడలేదు. అయితే గాడిదలున్నాయి, వాటిని తోలే చేతులున్నాయి, నడిచి చేరుకోవడానికి గండికోట ఉంది.

గాడిదను వెతకడమే పెద్ద పని అయింది. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద సుమారు 3.2 లక్షల గాడిదలుంటే, 2019 నాటికి 1.2 లక్షలు మిగిలాయి. ఒకప్పుడు ప్రతి చాకిరేవు దగ్గరా కనిపించిన జంతువు కోసం ఇప్పుడు బంధువులందరికీ ఫోన్లు చేయాల్సి వచ్చింది. చివరికి జమ్మలమడుగు దగ్గరి పల్లెలో, ఇటుకలు మోయించే ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. "దీని పేరేమిటి తాతా?" అని మా అమ్మాయి అడిగితే, "గాడిదే తల్లీ" అన్నాడు.

బరువులు మోసే జంతువుల గురించి 1965 నాటి కేంద్ర నిబంధనలున్నాయి. గాడిద మీద 50 కిలోలు మించకూడదు, అయిదు గంటలకు మించి ఆపకుండా నడిపించకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించకూడదు. పెద్దాయన వీటిని ఎన్నడూ విని ఉండడు. ఆయన తూకమంతా చేతిలోనే. గోనెపట్టాతో కుట్టిన జంటసంచిని వీపు మీద వేసి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి ఎత్తి చూసి, మా దుప్పటి ఒకటి తీసి అటు పెట్టాడు. నీళ్ల డబ్బాలు రెండు వైపులా ఒక్కొక్కటి. తాగేటప్పుడు వంతులవారీగా తాగమన్నాడు, ఒక డబ్బానే ఖాళీ చేస్తూ పోతే మూట రెండోవైపు ఒరుగుతుందట. పిల్లలు ఆ వంతును మాకంటే కచ్చితంగా పాటించారు.

జమ్మలమడుగు నుంచి గండికోటకు తారురోడ్డు మీద 15 కిలోమీటర్లు. శని, ఆదివారాల్లో ఆ రోడ్డు కార్లది, నడిచేవాళ్లది కాదు. మేము బండిబాటలు పట్టుకున్నాం. జనవరిలో నల్లరేగడి నిండా శనగ చేలు. గాడిదకు వాటి మీదే ధ్యాస, పెద్దాయనకు పలుపు మీద ధ్యాస. ఒక రైతు నవ్వుతూ పిల్లల చేతికి పచ్చిశనగ మొక్కలు నాలుగు పీకి ఇచ్చాడు, గాడిద వాటానూ వాళ్లే పంచారు. వాన పడిన మర్నాడు మాత్రం ఈ బాటల జోలికి వెళ్లవద్దు. రేగడి చెప్పులకు అంటుకుని అడుగు ఎత్తనివ్వదు.

నన్ను ఆశ్చర్యపరిచింది బరువు తగ్గడం కాదు, నడక కుదరడం. పిల్లలను ముందు నడవమంటే పరుగెత్తుతారు, వెనక నడవమంటే కూర్చుంటారు. గాడిద పక్కన నడవమంటే నడుస్తారు. ఒక కాలువ దగ్గర అది బిగుసుకుపోయింది. నీళ్లు చీలమండ దాటవు, కానీ ఆ సంగతి దానికి ఎలా తెలుస్తుంది? పెద్దాయన కొట్టలేదు, అరవలేదు. తానే నీళ్లలో దిగి, అవతలి గట్టున తీరిగ్గా కూర్చున్నాడు. కాసేపటికి అదే వచ్చింది. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. హోంవర్క్ సంగతి అయి ఉంటుంది.

ఎర్రమల కొండల వాలు మొదలయ్యాక రాళ్ల మీద దాని అడుగే మా అడుగుల కంటే నమ్మకంగా పడింది.

దారిలో పొలం కొట్టంలో ఒక రాత్రి గడిపాం. రాగిసంగటి, ఊరిబిండి, నులకమంచం. మరుగుదొడ్డి లేదు. ఇది ముందే తెలుసుకుని రావడం మంచిది, ముఖ్యంగా ఆడపిల్లలున్నవాళ్లు. తిండికి మాత్రం మొత్తం ప్రయాణంలో అదే మొదటి స్థానం.

గండికోటలో బస రెండు రకాలు. పర్యాటక సంస్థ వారి హరిత హోటల్ కోటకు కాస్త ఇవతల ఉంది, పెద్దవాళ్లు వెంట ఉంటే అదే నయం. మేము గుడారాల వైపు వెళ్లాం. ఫోనులో "గాడిద ఉన్నా పరవాలేదు" అన్న నిర్వాహకుడు, దాన్ని కళ్లారా చూశాక మాట మార్చాడు. అర్ధరాత్రి దాకా పెద్ద శబ్దంతో పాటలు వాయించిన ఆ శిబిరానికి గాడిద ఓండ్ర ఇబ్బందట! కోట లోపలే ఊరు ఉండడం మా అదృష్టం. ఒక ఇంటివాళ్లు తమ పశువుల పక్కన చోటిచ్చి, జొన్నచొప్ప వేశారు, డబ్బులు వద్దన్నారు.

పెన్నా లోయ ఫోటోల్లో అందరూ చూసిందే. అంచున రక్షణ గోడ ఉండదు కాబట్టి చిన్నపిల్లల చేయి వదలకూడదు. సూర్యోదయానికి అక్కడ తిరునాళ్లంత గుంపు. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, పాత ధాన్యాగారం చూడడానికి ఉదయం ఎనిమిది దాటాక వెళితే ఎవరూ ఉండరు. నాకు లోయ కంటే ఇవే ఎక్కువ నచ్చాయి.

గాడిద వెనుదిరిగాక కారులో బెలుం గుహలకు వెళ్లాం, పాత కర్నూలు జిల్లాలో ఉన్నది 2022లో నంద్యాల జిల్లాలోకి వెళ్లింది. 3,229 మీటర్ల గుహలో సుమారు కిలోమీటరున్నర మాత్రమే సందర్శకులకు తెరిచారు. అద్భుతమే, కానీ లోపల ఉక్క. మా అబ్బాయి రెండుసార్లు అడిగాడు, గాడిద ఇంటికి చేరిందా అని.

ఖర్చు విషయానికొస్తే, పెద్దాయన అడిగింది తన కూలి, గాడిద మేత. ఎవరైనా ఇలా బయలుదేరితే తిరుగు ప్రయాణపు రోజు కూలి కూడా లెక్కలో వేసి ముందే చెప్పండి. వెళ్లేటప్పుడు మీతో నడిచినవాడు వచ్చేటప్పుడు ఒక్కడే అంత దూరమూ నడవాలి, ఆ రోజు ఇటుకల పని కూడా ఉండదు.