జాక్‌హ్యామర్ అద్దెకి తీసుకునేవాళ్ళు జాగ్రత్త, నా డిపాజిట్ మొత్తం పోయింది

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను. కోపం తగ్గకముందే రాస్తున్నాను.

పెరట్లో పాత కాంక్రీట్ గచ్చు పగలగొట్టడానికి ఒక్కరోజుకి కరెంటు జాక్‌హ్యామర్ తెచ్చాను. ఆ షాపు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. ఉలి మొన పూర్తిగా మొద్దుబారి ఉంది. ఎంత కొట్టినా తెల్లటి పొడి లేవడం, మెషిన్ ఎగిరిపడటం తప్ప పగులు రాలేదు. ఉలిని పట్టి ఉంచే లాక్ కూడా వదులే. రెండుసార్లు ఉలి ఊడి నా కాలి పక్కనే పడింది. అప్పుడే ఆపేయాల్సింది, ఆపలేదు. అది నా తప్పే. మూడోసారి లాక్ విరిగిపోయింది.

షాపు ఓనర్‌కి ఫోన్ చేస్తే "తీసుకురండి, చూద్దాం" అని మర్యాదగానే అన్నాడు. తీసుకెళ్ళి విరిగిన ముక్క చూపించాను. విరిగిన చోట ముప్పావు వంతు తుప్పు, నల్లటి గ్రీజు. ఒక్క అంచు మాత్రం కొత్తగా మెరుస్తోంది. అంటే పగులు ఎప్పటిదో, ఇవాళ మిగిలిన కాస్తా తెగింది. "ఇవాళే విరిగితే లోపల తుప్పు ఎలా వస్తుందండీ?" అని అడిగాను. అతను జవాబు చెప్పలేదు. ముక్క నా చేతిలోంచి తీసుకుని, గుడ్డతో గట్టిగా తుడిచి, సొరుగులో పడేశాడు. నా కళ్ళ ముందే! తర్వాత నా వైపు కూడా చూడకుండా పక్కనున్న కుర్రాడితో, "పని రానివాళ్ళకి మెషిన్ ఇస్తే ఇంతేరా, డిపాజిట్ రాసేసుకో" అన్నాడు. అక్కడ ఇంకో నలుగురు కస్టమర్లు నిలబడి ఉన్నారు. నాకు నోట మాట రాలేదు.

డబ్బు కంటే ఆ గుడ్డతో తుడవడమే మర్చిపోలేకపోతున్నాను. నేను చెప్పింది నిజమని తెలిసే తుడిచాడు కదా. ఆ ముక్కకి ఒక్క ఫొటో తీసుకుని ఉంటే బాగుండేది. ఇంట్లో, దారిలో బోలెడు టైముంది, తీయాలన్న ఆలోచనే రాలేదు.

మీరు తెచ్చుకునేటప్పుడు ఉలి మొన, లాక్, వైరు, ప్లగ్గు అన్నీ షాపులోనే వాళ్ళ ముందు వీడియో తీయండి. అక్కడే ఒకసారి ఆన్ చేయించి చూడండి. ఉలి బిగించాక చేత్తో లాగి చూడండి, ఊడి వస్తే ఆ మెషిన్ వద్దని చెప్పేయండి. ఏదైనా విరిగితే ముక్క ఎవరి చేతికీ ఇవ్వకముందే ఫొటో తీయండి.

గచ్చు ఇంకా అలాగే ఉంది. రేపు ఇంకోచోట మెషిన్ వెతుక్కోవాలి.